ఆవలింతల రిజిస్టరు

మా గోనెసంచుల ప్రమాణాల మండలిలో నమూనా చూడందే దేన్నీ ఆమోదించరు. లారీడు సంచులు వస్తే అందులోంచి ఐదు లాగి, కుట్లు లెక్కపెట్టి, నీళ్లలో నానబెట్టి, ఇద్దరు చెరో పక్క పట్టుకుని పీకి, అవి చిరిగిపోయాక లోడు మొత్తానికి "నాణ్యమైనవి" అని ముద్ర వేస్తాం. ఆఫీసుకి కొత్త కుర్చీలు వచ్చినప్పుడు కూడా ఒకదాన్ని విరగ్గొట్టి చూశాకే మిగతావాటిలో కూర్చున్నాం. నేనిక్కడ ఇరవైరెండేళ్లుగా పనిచేస్తున్నాను, ఇప్పుడు సీనియర్ అసిస్టెంటుని. ఈ పద్ధతంటే నాకు చాలా గౌరవం ఉండేది. అది నా సంసారం దాకా వస్తుందని మాత్రం అనుకోలేదు.

నాకు గాలం పిచ్చి. ఆదివారం వచ్చిందంటే కాకినాడ ఉప్పుటేరు గట్టు మీద ఉంటాను. మా ఆవిడ మంగతాయారుకి ఆ పిచ్చి లేదు. పులుసు బ్రహ్మాండంగా పెడుతుంది, ముళ్లు తీసుకుని తింటుంది, అంతే. ఆ చేప నీళ్లలోంచి గిన్నెలోకి ఎలా వచ్చిందన్నది ఆవిడకి అనవసరం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాతో గట్టుకి రాలేదు. నేనూ రమ్మనలేదు.

మా మండలిలో నాలుగేళ్లకోసారి పదిరోజుల విహార సెలవు ఇస్తారు. ఈసారి దాంతో అండమాన్ వెళ్లి, నడిసముద్రంలో పడవ మీంచి గాలం వేసి, ఉప్పుటేటిలో కలలోకూడా కనపడని సైజు వంజరం చేప ఒకటి లాగాలని నా కోరిక. ఒంటరిగా వెళితే బాగుండదు. భయపడుతూనే మంగతాయారుకి చెప్పాను. రోజంతా పడవలో కూర్చోవాలంటే తిడుతుందనుకున్నాను. ఆవిడ మాత్రం, "పడవలో ఇంకెవరుంటారండీ?" అని అడిగింది.

"నడిపేవాడు ఒకడు. వాడికి తెలుగు రాకపోవచ్చు."

"గాలం వేసినప్పుడు మీరు మాట్టాడరు కదా?"

"మాట్లాడితే చేపలు రావే."

"అయితే పదండి."

మంగతాయారు ఒక ప్రైవేటు బళ్లో మూడో తరగతి టీచరు. క్లాసులో యాభైరెండు మంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "టీచర్, వీడు నా రబ్బరు తీసేసుకున్నాడు", "టీచర్, ఇది నన్ను గిల్లింది" అని యాభైరెండు నోళ్లు. ఇంటికొస్తే నా నోరు ఒకటి. ఆవిడకి కావలసింది చేపలూ కాదు, సముద్రమూ కాదు. పదిరోజులపాటు తనని ఎవరూ ఏమీ అడక్కుండా ఉండటం. బడివాళ్లు పదకొండేళ్లలో మొదటిసారి, సొంత కిడ్నీ తీసి ఇస్తున్న మొహాలు పెట్టి, ఫిబ్రవరి పదో తారీకు నుంచి పదిరోజులు సెలవిచ్చారు. ఆ సాయంత్రమే వెళ్లి వెడల్పాటి నల్లగొడుగు ఒకటి కొనుక్కొచ్చుకుంది. రోజుకోసారి దాన్ని విప్పి చూసి మళ్లీ మడిచేది.

ఇక నిబంధన సంగతి చెప్పాలి.

కిందటేడు మా డైరెక్టరు భానోజీరావుగారు భార్యాసమేతంగా ఏదో దీవికి వెళ్లి నాలుగురోజులు గాలం వేశారు. ఆ నాలుగురోజులూ ఆయన భార్య పడవలో ఎండకి మాడుతూ కూర్చుంది. ఐదోరోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. ఇంకొకడైతే ఇంటికెళ్లి, తప్పయిపోయిందని ఒక్క మాట అనేవాడు. ఈయన ఆఫీసుకొచ్చి నిబంధన చేశారు. దాని పేరు దాంపత్య సమానంద విహార నిబంధన. "మండలి ఉద్యోగి తన జీవిత భాగస్వామితో కూడి చేయు విహారమందు ఇరువురికిని సమపాళ్లలో ఆనందము కలుగవలెను. ఒకరికి హెచ్చుగను, వేరొకరికి తగ్గుగను కలిగినచో సదరు విహారము నాసిరకముగా పరిగణింపబడును." దీన్ని అమలుచేయడానికి రెండో అంతస్తులో సమానంద విభాగం అని ఒక గది, దానికో సూపరింటెండెంటు, ఒక గుమాస్తా, ఒక బీరువా.

ఆ సూపరింటెండెంటు తాతబ్బాయిగారు నా దరఖాస్తు చూసి, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"ఏటండీ ఇది? చేపలు పట్టుటకు అని రాశారు. మీ మిసెస్‌గారు కూడా పడతారా?"

"లేదండి. ఆవిడ ఊరికే కూర్చుంటుంది."

"ఊరికే!" అని ఆయన గుమాస్తా వైపు తిరిగారు. "ఇన్నావా? ఊరికే అంట. గంగాధరంగారూ, మీలాంటోళ్ల కోసవేనండి ఈ రూలు. మీరక్కడ చేపలు లాగుతా ఉంటే ఆవిడగారు పాపం ఓ పక్కన కూకుని ఏడవాలా?"

"ఏడవదండి. ఆవిడకి కావాల్సిందే అది."

"ఆ మాట మీరనకూడదండి. డిపార్టుమెంటు అనాలి."

డిపార్టుమెంటు అనాలంటే ముందు ఆవిడ చేపలు పట్టదని రుజువు కావాలి. దానికి "మత్స్యేతర జీవిత భాగస్వామి ధ్రువపత్రం" అని ఒకటుంది. పదహారు పేజీల ఫారం నింపి, ఒక పూట బడికి సెలవు పెట్టించి, మంగతాయారుని ఆఫీసుకి తీసుకెళ్లాను. వరండాలో ప్లాస్టిక్ తొట్టెలో కొర్రమీనుని వేసి, ఆవిడ చేతికి గాలం ఇచ్చి, పావుగంట పరీక్షించారు. ఆవిడ కర్రని తలకిందులుగా పట్టుకుంది. కొర్రమీను మొదటి రెండు నిమిషాలు బెదిరి, తరవాత పట్టించుకోవడం మానేసింది. గుమాస్తా గడియారం చూసి, "అభ్యర్థినికి మత్స్యగ్రహణ సామర్థ్యము శూన్యము" అని రాసి ముద్ర వేశాడు. ఆ ముద్ర వాళ్లకి అంత సులువుగా పడిందంటే నాకు అప్పుడే అనుమానం రావలసింది.

రెండో అడుగు ప్రత్యామ్నాయ వినోదం. భర్త గాలం వేసే ప్రతి గంటకీ మత్స్యేతర భార్యకి ఒక గంట వినోదం చూపించాలి. జాబితా వాళ్లే ఇచ్చారు. ఒడ్డున ముగ్గుల పోటీ, గవ్వలు ఏరుట, మ్యూజికల్ చైర్స్, పాటలు పాడుట, సామూహికంగా నవ్వుట. వీటన్నిటితోబాటు, భార్య పక్కనే కూర్చుని ఆపకుండా కబుర్లు చెప్పడానికి "సంభాషణ సహాయకురాలు" అని ఒకావిడని కూడా ఏర్పాటు చేస్తారు. ఆ ఆఖరిది చదివేసరికి మంగతాయారు మొహం పాలిపోయింది.

"నాకివేమీ వద్దండి," అంది తాతబ్బాయిగారితో.

"ఏమీ వద్దు అన్నది లిస్టులో లేదమ్మా."

"లిస్టులో లేకపోతే పోయిందండి. నేను గొడుగేసుకుని కూర్చుంటాను."

"మొదట్లో అందరూ అలాగే అంటారమ్మా. మా డైరెక్టరుగారి మిసెస్‌గారు కూడా అలాగే కూర్చున్నారు. ఏవయింది?" అని ఆయన గొంతు తగ్గించారు. "ఇప్పటికీ ఆ ఇంట్లో మాటల్లేవు."

విషయం డైరెక్టరుగారి దాకా వెళ్లింది. ఆయన మమ్మల్నిద్దర్నీ పిలిపించి, ఎదురుగా ఉన్న నన్నూ ఆవిడనీ వదిలేసి, గోడ మీది పటంతో మాట్లాడుతున్నట్టు మాట్లాడారు.

"సదరు మహిళ తనకు విసుగు కలుగదని మౌఖికముగా తెలియజేయుచున్నది. మౌఖికమును మండలి పరిగణనలోనికి తీసుకొనజాలదు. లోడును ఆమోదించుటకు పూర్వము మనమేమి చేయుదుము?"

"నమూనా తీస్తామండి," అన్నారు తాతబ్బాయిగారు.

"అయినచో విహారమునకును నమూనా తీయుడు."

అలా నమూనా విహారం ఖాయమైంది. జగన్నాథపురం నుంచి ఒక పాత నాటుపడవని లారీ మీద తెప్పించారు. అది మెట్లమీద పట్టలేదు. సమావేశమందిరం కిటికీ గోడతో సహా తీసేసి లోపలికి దింపారు. ఎండ కోసం పైన నాలుగు పెద్ద దీపాలు వేలాడదీశారు. గాలి కోసం మూడు స్టాండు ఫాన్లు. అలల కోసం ఇద్దరు అటెండర్లు చెరో పక్క పట్టుకుని పడవని ఊపుతారు. ఇంకో అటెండరు బల్ల కింద నక్కి కూర్చుని, నా గాలం దారాన్ని అప్పుడప్పుడు లాగాలి, చేప అన్నమాట. అతనికి రిటైర్మెంటు దగ్గరపడింది. మోకాళ్ల నొప్పులని మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

మంగతాయారు పడవ చివర గొడుగేసుకుని కూర్చుంది. ఎదురుగా నలుగురు సభ్యుల కమిటీ. మధ్యలో భానోజీరావుగారు, పక్కన తాతబ్బాయిగారు, అటూ ఇటూ కుట్ల విభాగం నుంచి ఇద్దరు నిపుణులు. విసుగుని ఎలా కొలవాలన్న దాని మీద నెలరోజులు చర్చించి, ఆవలింతలతో కొలవాలని తేల్చారు. గుమాస్తా చేతిలో కొత్త రిజిస్టరు. ఆవలింత సమయం, ఆవలించిన వారి పేరు, నోరు తెరిచిన వెడల్పు, చెయ్యి అడ్డం పెట్టుకున్నారా లేదా, అన్నిటికీ గళ్లు గీశారు. హాల్లో కనిపించిన ప్రతి ఆవలింతనీ రాయమని హుకుం. అతను ఉద్యోగానికి కొత్త, హుకుం అంటే హుకుమే అనుకునే రకం.

"నమూనా కలుషితము కాకుండుటకై ఎవరును ఆమెతో మాటలాడరాదు," అన్నారు డైరెక్టరుగారు.

మూడు గంటలు సాగింది. నేను గాలం పట్టుకుని కూర్చున్నాను. బల్ల కింద అటెండరు రెండుసార్లు దారం లాగి, తరవాత నిద్రపోయాడు. ఫాన్లు తిరిగాయి, పడవ ఊగింది. మంగతాయారు చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు సగం మూసి, అలాగే కూర్చుంది. ఆ మొహంలో అంత నెమ్మది నేను పెళ్లయ్యాక చూసి ఎరగను. ఎవరూ ఆవిడని పలకరించలేదు. ఎవరూ రబ్బరు పోయిందనలేదు. ఇంటికొస్తుంటే దారిలో, "మళ్లీ ఎప్పుడంటండీ?" అని ఆశగా అడిగింది.

రిజిస్టరు లెక్క తేలింది. మంగతాయారు ఆవలింతలు సున్నా. కమిటీ ఆవలింతలు నలభైఒకటి. అందులో భానోజీరావుగారివే ఇరవైమూడు, ఒక్కదానికి కూడా చెయ్యి అడ్డం లేదు.

నేను పొంగిపోయాను. ఆవిడకి విసుగు రాలేదు కాబట్టి ఇక అడ్డేముంది, టిక్కెట్లు తీసుకోవడమే అనుకున్నాను. ఇరవైరెండేళ్ల సర్వీసున్నవాడు అలా అనుకోవడం క్షమించరాని తెలివితక్కువతనం. డైరెక్టరుగారు నన్ను పిలిపించారు.

"గంగాధరం, మీ భార్యకు విసుగు కలుగలేదు."

"సంతోషమే కదండీ."

"సంతోషమా? పక్కన గాలము వేయుచుండగా మూడు గంటలు విసుగు చెందని వ్యక్తిని మత్స్యప్రియురాలు అందురు. ఆమె మత్స్యేతర ధ్రువపత్రము అసత్యమని తేలినందున మీ దరఖాస్తు నిలిపివేయబడినది."

"ఆవిడ తొట్టెలో చేపని కూడా పట్టలేదని మీరే ముద్ర వేశారు కదండీ!"

"పట్టలేకపోవుట వేరు, విసుగు చెందకపోవుట వేరు. ఆ దినమున మీరును ఒక్క చేపను పట్టలేదు. అంతమాత్రమున మీరు మత్స్యేతరులా?"

నిజంగానే నేను ఆ రోజు అటెండరుని తప్ప ఏమీ పట్టలేదు.

"రెండవ అంశము," అని ఆయన కాగితం తిప్పారు. "నిబంధన మూడవ క్లాజు ప్రకారము గాలము వేయు చోట ఎవరికి విసుగు కలుగునో వారే మత్స్యేతర పక్షము. నమూనాయందు విసుగు కలిగినది కమిటీకి. రిజిస్టరు సాక్ష్యము. కనుక ప్రత్యామ్నాయ వినోదమునకు అర్హత కమిటీకే సంక్రమించుచున్నది. సదరు వినోదము ద్వీపమందే కల్పింపవలెనని నిబంధన స్పష్టముగా చెప్పుచున్నది."

"అంటే?"

తాతబ్బాయిగారు పక్కనుంచి అందుకున్నారు. "అంటే మేం నలుగురం అండమాన్ వెళ్లాలండి. తప్పదు. రూలు."

"ఎప్పుడండీ?"

"ఫిబ్రవరి పది నించండి. ఆ తారీకులు మీ ఫైల్లో ఎలాగూ ఉన్నాయి కదా. కొత్త తారీకులంటే మళ్లీ కొత్త ఫైలు పెట్టాలి."

డైరెక్టరుగారి భార్యని మాత్రం తీసుకెళ్లలేదు. పూర్వానుభవం ఉండటంవల్ల ఆవిడ నిష్పాక్షికంగా విసుగు చెందలేరని ఫైల్లో రాశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి అరిచాను, మండలిని తిట్టాను, గోనెసంచుల్ని తిట్టాను, ఆ సంచుల్లో ధాన్యం పోసుకునేవాళ్లని కూడా వదల్లేదు. మంగతాయారు గొడుగు మడిచి, పాత చీరలో చుట్టి, అటక మీద పెట్టేసింది. నా అరుపుల కంటే అదే నాకు ఎక్కువ బాధగా అనిపించింది.

పదకొండో తారీకు పొద్దున్న బడి నుంచి ఫోన్ వచ్చింది. "ఎలాగూ ఊళ్లోనే ఉన్నారంట కదా టీచరుగారూ, ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు, వచ్చేయండి." వెళ్లింది. పదకొండేళ్లకి వచ్చిన పదిరోజులు ఒకటిగా మిగిలి, అదీ అయిపోయింది.

కమిటీ నల్లబడి, ఒళ్లు చేసి తిరిగొచ్చింది. భానోజీరావుగారు తన ఎత్తున్న వంజరాన్ని కౌగిలించుకున్న ఫోటో నోటీసుబోర్డు మీద పెట్టారు. నేను ఏ చేప కోసం ఇదంతా మొదలుపెట్టానో అచ్చంగా ఆ చేపే. కింద నివేదిక. "పరిశీలక బృందమునకు విసుగు తృప్తికరముగా తగ్గినది. తుది నిర్ణయమునకు మరియొక పర్యాయము పరిశీలన అవసరము."

ఆ తరవాతి ఆదివారం నేను గాలం తీసుకుని బయల్దేరుతుంటే మంగతాయారు గుమ్మం దగ్గరికి వచ్చింది.

"నేనూ రానాండీ?"

అడగడం తెలియక కాదు, అడగాలని తట్టక ఇన్నేళ్లు నేను పిలవలేదు. అటక మీంచి గొడుగు దింపి ఇచ్చాను. ఉప్పుటేరు గట్టున, పడవలు కట్టేచోటుకి కొంచెం ఎగువన, నీళ్లు నెమ్మదిగా ఉండేచోట కూర్చున్నాం. నేను గాలం వేశాను. ఆవిడ నాకు వీపు పెట్టి, గొడుగు కింద, అవతలి ఒడ్డున ఉన్న మడచెట్లని చూస్తూ కూర్చుంది. నాలుగు గంటలు ఒక్కమాట లేదు. వేలెడంత కొయ్యంగ చేప ఒకటి పడితే వదిలేశాను. లేచేటప్పుడు చీర దులుపుకుని, "ఇవాళ బాగుందండీ," అంది.

మంగళవారం నా బల్ల మీద మెమో. తాతబ్బాయిగారు ఆ ఆదివారం వంతెన మీంచి స్కూటరు మీద వెళుతూ మమ్మల్ని చూశారట. చూసి, స్కూటరు ఆపి, గంటసేపు పరిశీలించి, మనసులో నమోదు చేసుకున్నారట. "సదరు ఉద్యోగి మండలి అనుమతి లేకయే భార్యాసమేతముగా మత్స్యవిహారము చేసియున్నారు. ప్రత్యామ్నాయ వినోదమేదియు కల్పింపకనే ఆమె ఆనందముగా నుండుట గమనింపబడినది. ఇట్టి అనుమతి లేని ఆనందమునకు కారణమేమో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వనిచో మీ విహార సెలవు హక్కు శాశ్వతముగా రద్దగును."

ఇంటికి తెచ్చి చూపించాను. ఎలాంటి సంజాయిషీ రాయాలో తోచక జుట్టు పీక్కుంటున్నాను. మంగతాయారు మూడో తరగతి కాపీలు దిద్దుతోంది.

"ఇటివ్వండి," అని చేతిలో ఉన్న ఎర్రపెన్నుతోనే, మెమో వెనక రాసేసింది.

"నేను అక్కడ నా ఇష్టంతో కూర్చున్నాను. నన్నెవరూ ఏమీ అడక్కుండా ఉంటే నాకు బాగుంటుంది. మీ పదహారు పేజీల ఫారంలో నా ఇష్టమేమిటి అని ఒక్క గడి కూడా లేదు."

చదివాక నాకు కొంచెం సిగ్గేసింది. పదహారు పేజీల్లో వాళ్లు అడగలేదు సరే, పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నేనెప్పుడు అడిగాను? అండమాన్ అన్నది నేను, వంజరం అన్నది నేను. ఆవిడ పదండి అంది. ఆ మాట మీద నేనూ ఒక ముద్ర వేసేసుకున్నాను.

ఎర్రసిరా జవాబు చూసి మండలి అదిరిపోతుందనుకున్నాను. అదిరిపోలేదు, ఆనందపడిపోయింది. వాళ్లకి తెలియని లోపం ఒకటి ఎవరో కనిపెట్టి ఇచ్చారు. డైరెక్టరుగారు మంగతాయారుకి అభినందన పత్రం పంపారు. నెల తిరక్కుండా ఫారానికి పదిహేడో పేజీ వచ్చింది. మా ఇంటికి ఒక ప్రతి ప్రత్యేకంగా పంపించారు. ఆదివారం పొద్దున్న, నేను గాలానికి కొత్త బెండు కడుతుండగా, మంగతాయారు దాన్ని చదివింది.

పేజీ మధ్యలో ఒకే ఒక గడి. దాని పైన, "భార్య ఇష్టము (ఉన్నచో)". దాని కింద మూడు సూచనలు. "ఈ గడిని భర్త పూరింపవలెను. పూరించిన ఇష్టము భార్యదేనని భర్త పై అధికారి ధ్రువీకరింపవలెను. ఇష్టము యొక్క నమూనాను జతపరచవలెను."

మంగతాయారు మొదటి నుంచి చివరిదాకా ఓపిగ్గా చదివింది. చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, కళ్లలో నీళ్లు తిరిగేంత నిండుగా ఒక ఆవలింత ఆవలించింది. నలుగురు సభ్యులు, నాలుగు దీపాలు, మూడు ఫాన్లు పెట్టుకుని మూడు గంటలు ఎదురుచూసినా రాని ఆవలింత అది. రాసుకోవడానికి అక్కడ ఎవరూ లేరు.

నేను గాలం పక్కన పెట్టి అడిగాను. "నీకెక్కడికి వెళ్లాలనుందే?"

"అడక్కండి," అని గొడుగు తీసుకుని ముందు నడిచింది.